ఊళ్ళోనే ఇల్లు మారేటప్పుడు ముందు మెట్లు లెక్కపెట్టుకోండి

"నాలుగైదు కిలోమీటర్లేగా, ఒక పూటలో అయిపోతుంది" అనుకుని మొదలుపెట్టిన ఇంటి మార్పే చాలాసార్లు అర్ధరాత్రి దాకా సాగుతుంది. బెజవాడలో సత్యనారాయణపురం నుంచి పటమటకి సామాను తీసుకెళ్తే బండి రోడ్డు మీద ఉండేది ఇరవై నిమిషాలు, బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుంటే అరగంట. మిగతా సమయమంతా పాత ఇంటి గదిలోంచి బండి దాకా మోయడానికి, బండి దగ్గర్నుంచి కొత్త ఇంటి గదిలోకి మోయడానికి పోతుంది. హైదరాబాద్‌కి మారినా ఆ రెండు మోతలూ ఇంతే. అందుకని ఊళ్ళో మారేటప్పుడు కూలీ, సమయం, దెబ్బతినే సామాను, అన్నీ అంతస్తుల మీద, మెట్ల మలుపుల మీద, సందు వెడల్పు మీద ఆధారపడి ఉంటాయి.

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ నలుగురున్న కుటుంబానికి, డబుల్ బెడ్‌రూమ్ అద్దె పోర్షన్‌కి, మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తుకి మారడానికి సరిపోయేవి. మీ ఇంటికి తగ్గట్టు పెంచుకోండి, తగ్గించుకోండి.

తాళాలు నాలుగు రోజుల ముందు

ముప్పై ఒకటిన ఖాళీ చేసి ఒకటో తారీకున కొత్త ఇంట్లో దిగాలన్న లెక్క కాగితం మీద బాగుంటుంది. ఆ రోజు కరెంటు లేకపోయినా, వర్షం పడినా, పెయింటర్ ఇంకా లోపలే ఉన్నా సామానుతో రోడ్డు మీద నిలబడాలి. కనీసం నాలుగు రోజులు రెండు ఇళ్ళ తాళాలూ మీ దగ్గర ఉండేలా చూసుకోండి. అద్దె 12,000 అయితే నాలుగు రోజులకి అయ్యేది 1,600. చాలామంది ఓనర్లు ఖాళీగా ఉన్న ఇంటికి అది కూడా అడగరు, అడ్వాన్సు ఇచ్చే రోజునే మాట్లాడుకోవాలి, తర్వాత అడిగితే ఒప్పుకోరు.

అడ్వాన్సు చేతిలో పెట్టే ముందే ఇంటి కరెంటు సర్వీస్ నంబరు తీసుకుని బకాయి ఉందేమో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో చూసుకోండి. ఆ మీటరు ఓనరు పేరు మీదే ఉన్నా, ముందున్నవాళ్ళు కట్టని బిల్లుకి ఫ్యూజు పీకేది మీరు దిగాకే. ఖాళీ ఇంట్లో నీళ్ళ పంపులన్నీ ఒకేసారి తిప్పి పై అంతస్తులో ధార ఎలా ఉందో చూడాలి. సింకులో, బాత్‌రూమ్‌లలో బకెట్ నీళ్ళు ఒక్కసారిగా పోసి ఎంతసేపట్లో దిగుతాయో చూడాలి. నెమ్మదిగా దిగితే ప్లంబర్‌ని పిలవడం ఓనర్ పని, మీరు దిగాక అది మీ పని అయిపోతుంది.

బొద్దింకల మందు, చెద మందు కొట్టించడానికి ఇల్లు ఖాళీగా ఉన్న ఈ నాలుగు రోజులే అనువు. సామాను వచ్చాక వంటింటి అల్మారాలన్నీ మళ్ళీ ఖాళీ చేయాలి.

టేపుతో ఒక గంట

కొత్త ఇంటికి వెళ్ళేటప్పుడు ఐదు మీటర్ల టేపు, ఒక కాగితం, పాత ఇంట్లోని పెద్ద వస్తువుల కొలతలు తీసుకెళ్ళండి. ఇనుప బీరువా, డబుల్ కాట్ తలవైపు పలక, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, సోఫా, ఈ ఐదూ కొలిస్తే చాలు.

మామూలు ఇనుప బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నరకి కాస్త పైన లోతు ఉంటుంది. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ తలుపు ఎత్తు కూడా దాదాపు ఆరున్నర అడుగులే. నిలబెట్టి లోపలికి పెట్టడానికి వీలుండదు, వాల్చి పెట్టడానికి లోపల చోటుండదు. అంటే లిఫ్ట్ ఉన్న ఇంటికి కూడా బీరువా మెట్ల మీదే వెళ్తుంది. ఈ సంగతి ఆ రోజు తెలిస్తే హమాలీలు బేరం మళ్ళీ మొదలుపెడతారు, అందులో వాళ్ళ తప్పేం లేదు.

మెట్ల మలుపు దగ్గర ల్యాండింగ్ రెండు వైపులా కొలవండి. మూడు అడుగుల వెడల్పు మెట్లకి మూడు అడుగుల ల్యాండింగ్ ఉంటే ఆరడుగుల సోఫా అడ్డంగా తిరగదు. నిలబెట్టి తిప్పాలి, అందుకు పైకప్పు ఎత్తు సరిపోవాలి. పాత ఇళ్ళలో మెట్ల పక్కన పొట్టి పిట్టగోడే ఉంటుంది, వస్తువుని గోడ పైనుంచి దాటించొచ్చు. గ్రిల్ బిగించి ఉంటే ఆ వీలు పోతుంది. వన్‌టౌన్ వైపు, గుణదల వైపు కొండవాలు ఇళ్ళలో బండి ఆగిన చోటు నుంచి మెట్లే మెట్లు. అక్కడ మనుషుల సంఖ్య పెంచుకోవాలే తప్ప ఇంకో దారి లేదు.

కొలతలతో పాటు స్విచ్ బోర్డులు చూడండి. ఏసీకి, గీజర్‌కి, వాషింగ్ మిషన్‌కి పెద్ద పిన్నుల 16 ఆంపియర్ సాకెట్ ఎక్కడుందో రాసుకోండి. వాషింగ్ మిషన్ పెట్టే చోట కుళాయి, నీళ్ళు పోయే దారి రెండూ ఉన్నాయా అని చూడాలి. కుళాయి ఉండి నీళ్ళు పోయే దారి లేని బాల్కనీలు చాలా ఉంటాయి.

ముహూర్తం ఒక రోజు, సామాను ఇంకో రోజు

పాలు పొంగించే రోజే సామానంతా దించాలని ఏ పంతులుగారూ చెప్పరు. దేవుడి పటం, పసుపు కుంకుమ, బియ్యం, ఉప్పు, పప్పు, నిండు బిందె, పాలగిన్నె. ముహూర్తానికి ఇవి వెళ్తే చాలు. తెల్లవారుజామున పాలు పొంగించుకుని తాళం వేసి వచ్చేస్తే, సామాను మామూలు పని దినంలో వీలు చూసుకుని తీసుకెళ్ళొచ్చు. ఊళ్ళోనే మారేవాళ్ళకి ఉన్న పెద్ద వెసులుబాటు ఇదే, దీన్ని వాడుకోకపోవడం తెలివైన పని కాదు. శ్రావణం, మాఘం, వైశాఖం ముహూర్తాల రోజుల్లో ఊళ్ళో బండ్లకి, మనుషులకి గిరాకీ ఎక్కువ. స్కూళ్ళు తెరిచే ముందు మే చివర్లో కూడా అంతే. ఆషాఢంలోనో పుష్యంలోనో సామాను తీసుకెళ్ళడానికి మీకు అభ్యంతరం లేకపోతే బండి అడిగిన టైముకి వస్తుంది, బేరమూ కుదురుతుంది.

పాలు పొంగించడానికి స్టవ్ కావాలి కదా. రెండు సిలిండర్లున్నవాళ్ళు ఒకటి ముందే పంపించొచ్చు. ఒక్కటే ఉంటే ఇండక్షన్ స్టవ్ పట్టుకెళ్ళండి, కాకపోతే రెండు జాగ్రత్తలు. 2,000 వాట్ల ఇండక్షన్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, చిన్న 6 ఆంపియర్ ప్లగ్గులో పెడితే సాకెట్ కాలుతుంది. ఇక ఇత్తడి గిన్నె, మామూలు అల్యూమినియం గిన్నె, కొన్ని రకాల స్టీలు దాని మీద వేడెక్కవు. గిన్నె అడుగుకి అయస్కాంతం అతుక్కుంటే పనికొస్తుంది. ముందురోజే ఇంట్లో ఒకసారి నీళ్ళు కాచి చూసుకుంటే ముహూర్తం వేళ కంగారుండదు.

ఏ బండి, ఎంతమంది

టాటా ఏస్ తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగులకి కాస్త తక్కువ వెడల్పు ఉంటుంది. బరువు ముప్పావు టన్ను దాకా మోస్తుంది. డబుల్ బెడ్‌రూమ్ సామానుకి దానితో రెండు ట్రిప్పులు పడతాయి. పుస్తకాలు, మొక్కలు, రెండో బీరువా ఉంటే మూడోది కూడా. బొలెరో పికప్ అయితే ఒక పెద్ద ట్రిప్పు, మిగిలినవి ఆటోలో. పద్నాలుగు అడుగుల డీసీఎం లారీ అయితే అంతా ఒకేసారి వెళ్తుంది.

దూరం తక్కువైనప్పుడు ఏస్‌తో రెండు ట్రిప్పులే నయం. సందుల్లోకి గుమ్మం దాకా వస్తుంది. డీసీఎం సందు చివర ఆగితే ఒక్కో వస్తువూ వంద అడుగులు అదనంగా మోయాలి, ఆ కూలీతోనే ఏస్ రెండో ట్రిప్పు డబ్బులు వచ్చేస్తాయి. పైగా పెద్ద బండ్లకి పగటిపూట కొన్ని రోడ్ల మీద అనుమతి ఉండదు, ఆ సంగతి డ్రైవర్‌నే అడగాలి. మొదటి ట్రిప్పు ఎక్కించడానికి గంట, ప్రయాణం, దించడానికి ముప్పావు గంట, తిరుగు ప్రయాణం, అంతా కలిపి రెండున్నర గంటలు. రెండో ట్రిప్పుకి కూడా అంతే. ఉదయం ఏడింటికి మొదలైతే మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంటకి ఆఖరి పెట్టె దిగుతుంది. మే నెలలో బెజవాడ ఎండకి పదకొండు తర్వాత ఎవరూ సరిగ్గా మోయలేరు. ఆ నెలలో అయితే ఆరింటికే బండి గుమ్మంలో ఉండాలి.

మనుషులు నలుగురు కావాలి. ముగ్గురితో చేస్తామంటారు, చేస్తారు కూడా, కానీ బీరువా దగ్గర నాలుగో చెయ్యి మీదే అవుతుంది.

బేరం ఫోన్లో "ఇంటి సామాను" అని చెప్పి తేల్చుకోవద్దు. పాత ఇల్లు ఎన్నో అంతస్తు, కొత్తది ఎన్నో అంతస్తు, లిఫ్ట్ సామానుకి ఇస్తారా, బండి గుమ్మానికి ఎంత దూరంలో ఆగుతుంది, బీరువాలెన్ని, కాట్లు విప్పి మళ్ళీ బిగించడం ఇందులో ఉందా లేదా, ఇవన్నీ చెప్పి మొత్తానికి గుత్తగా మాట్లాడుకోండి. గదులు ఫోన్‌తో ఒక నిమిషం వీడియో తీసి వాట్సాప్‌లో పంపితే తర్వాత "ఇంత సామాను అనలేదు కదండీ" అనే మాట రాదు. గంటల లెక్కన కూలీ మాట్లాడుకుంటే పనిని సాగదీస్తారు. యాప్‌లో బండి బుక్ చేస్తే కిరాయిలో ఎక్కించడం దించడం కలిపి ఉండదు, కొంతసేపు దాటితే వెయిటింగ్ చార్జీ పడుతుంది. డ్రైవర్ సాయం పట్టడం వేరే బేరం.

అపార్ట్‌మెంట్‌లోకి వెళ్తుంటే అసోసియేషన్‌ని రెండు రోజుల ముందే అడగండి. సామానుకి లిఫ్ట్ ఏ వేళల్లో ఇస్తారు, డబ్బులేమైనా కట్టించుకుంటారా, ఆదివారం ఒప్పుకుంటారా అని. వాచ్‌మన్‌కి బండి నంబరు ముందే ఇచ్చి ఉంచితే గేటు దగ్గర పది నిమిషాలు మిగులుతాయి.

పెట్టెలు, సంచులు

పాతిక ముప్పై అట్టపెట్టెలు కావాలి. మందుల షాపుల్లో దొరికేవి గట్టిగా, శుభ్రంగా ఉంటాయి. వైన్ షాపు పెట్టెల్లో సీసాల మధ్య అడ్డు అట్టలుంటాయి కాబట్టి గాజు గ్లాసులకి, సాసు సీసాలకి వాటిని మించినవి లేవు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో మీరే చూసుకోండి. కిరాణా కొట్టు పెట్టెలు తెస్తే లోపల బొద్దింక గుడ్లు ఉన్నాయేమో చూసి, ఎండలో ఒక పూట పెట్టి వాడండి.

పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే సర్దాలి. పెట్టె పదిహేను కిలోలు దాటితే అడుగు ఊడుతుంది, మోసేవాడి నడుము పట్టేస్తుంది. అడుగున బ్రౌన్ టేపు నిలువునా అడ్డంగా రెండుసార్లు వేయండి. రెండంగుళాల టేపు ఆరు రీళ్ళు తెచ్చుకుంటే సరిపోతుంది. పళ్ళేలు పడుకోబెట్టకుండా నిలువుగా, ఒక్కోదానికి పాత పేపరు చుట్టి పెట్టాలి. పడుకోబెడితే బండి కుదుపుకి పైవాటి బరువంతా అడుగు పళ్ళెం మీద పడి పగులుతుంది.

బట్టలకి, స్టీలు సామానుకి పెట్టెలు దండగ. ఉతికిన బియ్యం సంచులు చాలు. ఇప్పుడు కొట్లలో కనిపించే 26 కిలోల సంచులు మరీ మంచివి. 2022 జులైలో పాతిక కిలోల దాకా ఉన్న ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ పెట్టాక మిల్లుల వాళ్ళు ఒక కిలో ఎక్కువ పోసి అమ్మడం మొదలుపెట్టారు, మనకి కాస్త పెద్ద సంచి దక్కింది. కొత్తగా నెల సరుకులు మాత్రం మారే ముందు పది రోజులూ తెచ్చుకోవద్దు. డబ్బాల్లో ఉన్నదే వాడుకుంటూ రండి. సగం ఉన్న పప్పు డబ్బా మూత ఊడితే బండంతా కందిపప్పే.

ఊరగాయ జాడీలు హమాలీలకి ఇవ్వకూడదు. మూత మీద పాలిథిన్ కవరు, దాని మీద గుడ్డ వేసి గట్టిగా కట్టి, నూనె పైదాకా ఉంటే కొంచెం వేరే సీసాలోకి తీసి, మీ కారులోనో ఆటోలోనో కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకెళ్ళండి. నగలు, సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు, నగదు, ల్యాప్‌టాప్ కూడా మీతోనే. బీరువా లాకర్లో ఏమీ ఉంచొద్దు.

ప్రతి పెట్టె మీదా పైన కాదు, పక్కన రెండు వైపులా రాయండి. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చాక పైన రాసింది కనపడదు. "వంటిల్లు 4" అన్నట్టు గది పేరు, అంకె ఉంటే సరిపోతుంది. ఏ పెట్టెలో ఏముందో నోటుబుక్‌లో రాసుకోండి. కొత్త ఇంట్లో గది తలుపుల మీద అదే పేరు రాసిన కాగితం అంటిస్తే ఒక్కో పెట్టెకీ "ఇదెక్కడండీ?" అని మిమ్మల్ని అడగక్కర్లేదు.

ఊళ్ళోనే కదా అని రోజూ సాయంత్రం బండి మీద రెండేసి సంచులు చేరవేయడం చాలామంది అలవాటు. వారం తర్వాత చూస్తే రెండు ఇళ్ళలోనూ సగం సగం సామాను ఉంటుంది, అవసరమైనది ఎప్పుడూ అవతలి ఇంట్లోనే ఉంటుంది. ముందుగా తీసుకెళ్ళాల్సినవి మొక్కల కుండీలు, దేవుడి సామాను, పగిలేవి, కర్టెన్లు మాత్రమే. కుండీలకి రెండు రోజుల ముందు నీళ్ళు ఆపేస్తే బరువు తగ్గుతుంది, బండిలో బురద కాదు.

మిషన్ల సంగతి

ఇల్లు మారడంలో డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి కాస్త తీరిగ్గా చూద్దాం.

ఫ్రిజ్‌ని ముందురోజు మధ్యాహ్నానికే ఖాళీ చేసి, ఆపి, తలుపు తెరిచి పెట్టండి. సింగిల్ డోర్ అయితే మంచు కరిగి నీళ్ళు కారతాయి, కింద గుడ్డలు పరవాలి. ఫ్రాస్ట్ ఫ్రీ అయితే వెనక కింద కంప్రెసర్ దగ్గర ఒక ట్రే ఉంటుంది, అందులో నీళ్ళు వొంపకపోతే మెట్ల మీద మోసేవాళ్ళ కాళ్ళ మీద పడతాయి. లోపలి గాజు అరలు తీసి వేరే దుప్పటిలో చుట్టి, తలుపుకి టేపు వేసి, నిలబెట్టే తీసుకెళ్ళాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి పారుతుంది, వెంటనే ఆన్ చేస్తే ఆయిల్ లేకుండా మోటారు తిరుగుతుంది. నిలబెట్టి తెచ్చినా రెండు మూడు గంటలు ఆగి ఆన్ చేయండి. తప్పనిసరై పడుకోబెట్టాల్సి వస్తే రాత్రంతా నిలబెట్టి ఉంచి మర్నాడు ఆన్ చేయండి.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్ కొన్నప్పుడు వెనక పెద్ద బోల్టులు విప్పి మీ చేతికిచ్చారు, గుర్తుందా? డ్రమ్ము స్ప్రింగులకి వేలాడుతూ ఉంటుంది, ఆ బోల్టులు బిగించకుండా బండిలో వేస్తే కుదుపుకి డ్రమ్ము గోడలకి కొట్టుకుని సస్పెన్షన్ పోతుంది. వాటిని వెతికి బిగించండి, దొరక్కపోతే కంపెనీ సర్వీస్ సెంటర్లో అడిగి తెచ్చుకోండి. కొత్త ఇంట్లో ఆన్ చేసే ముందు మళ్ళీ విప్పడం మరిచిపోకూడదు. బోల్టులతోనే స్పిన్ వేస్తే మిషన్ గదంతా నడుస్తుంది. టాప్ లోడ్ అయితే డ్రమ్ము చుట్టూ పాత దుప్పటి కుక్కితే చాలు. రెండిట్లోనూ నీళ్ళ పైపులు విప్పి లోపలి నీళ్ళు పూర్తిగా తీసేయాలి.

స్ప్లిట్ ఏసీని రెండు రోజుల ముందే మెకానిక్‌తో విప్పించండి. అతను గ్యాస్‌ని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి పెట్టాలి. ఏసీ కూలింగ్‌లో నడుస్తుండగా సన్న పైపు వాల్వ్ ముందు మూసి, కాసేపటికి లావు పైపు వాల్వ్ మూసి, వెంటనే ఏసీ ఆపేస్తాడు. ఇది చేయకుండా నట్లు విప్పితే బుస్సుమని గ్యాస్ పోతుంది, కొత్త ఇంట్లో గ్యాస్ నింపే ఖర్చు మీ నెత్తిన పడుతుంది. అతను పని మొదలుపెట్టే ముందు "గ్యాస్ లాక్ చేస్తారు కదా?" అని అడిగి, పక్కనే నిలబడండి. బిగించేటప్పుడు పైపుల్లో గాలిని వాక్యూమ్ పంపుతో తీశాకే వాల్వ్‌లు తెరవాలి. కొత్త ఇంట్లో అవుట్‌డోర్ యూనిట్ దూరంగా వస్తే రాగి పైపు అదనంగా కావాలి, దాని ధర అడుగుల లెక్కన ముందే తేల్చుకోండి. గోడకి రంధ్రం వేయాల్సి వస్తే ఓనర్‌ని అడిగి వేయించండి.

ఇన్వర్టర్ బ్యాటరీని ఎలక్ట్రీషియన్‌తోనే విప్పించడం మంచిది. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది, లోపల యాసిడ్ ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఆపి ప్లగ్గు పీకి, బ్యాటరీ నెగటివ్ వైరు మొదట, పాజిటివ్ తర్వాత విప్పాలి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. బండిలో నిలువుగా, బట్టల సంచులకి దూరంగా పెట్టాలి. ఒలికిన యాసిడ్ చుక్క పడితే చీరకి మర్నాడు చిల్లు కనిపిస్తుంది.

టీవీని దాని పాత పెట్టెలోనే, లేకపోతే దుప్పట్లో చుట్టి రెండు పరుపుల మధ్య నిలబెట్టాలి. పడుకోబెట్టి పైన ఏదైనా పెడితే తెర పగులుతుంది. గోడ స్టాండు స్క్రూలు, కాట్ స్క్రూలు దేనికవి చిన్న కవర్లలో వేసి ఆ వస్తువుకే టేపుతో అంటించండి. అన్నీ ఒకే డబ్బాలో వేస్తే ఆ రాత్రి నేల మీదే పడుకోవాల్సి వస్తుంది. విప్పే ముందు కాట్ కీళ్ళని, టీవీ వెనక వైర్లని, వాటర్ ప్యూరిఫయర్ పైపుల్ని ఒక్కో ఫోటో తీసి పెట్టుకోండి. మీవే అయిన ఫ్యాన్లు, గీజర్ విప్పించే పని ఏసీ మెకానిక్ వచ్చిన రోజే ఎలక్ట్రీషియన్‌కి పెట్టుకోవచ్చు.

గ్యాస్

మారేది అదే డీలర్ పరిధిలోకి అయితే కొత్త చిరునామా రుజువు ఇచ్చి అడ్రస్ మార్పించుకోవడమే. ఊళ్ళోనే వేరే డీలర్ పరిధిలోకి వెళ్తే పాత డీలర్ దగ్గర ఇ-సీటీఏ అనే బదిలీ కాగితం తీసుకుని కొత్త డీలర్‌కి ఇవ్వాలి. ఒకే ఊళ్ళో అయితే సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించక్కర్లేదు, అప్పగించేది ఊరు మారినప్పుడే. బదిలీ పూర్తయ్యేదాకా కొత్త బండ బుక్ కాదు కాబట్టి, పాత చిరునామాకే ఒక నిండు బండ తెప్పించుకున్నాక బదిలీకి పెట్టండి.

నిండు బండ ముప్పై కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, అందులో గ్యాస్ 14.2 కిలోలు. రెగ్యులేటర్ తీసి, వాల్వ్ మీద తెల్ల మూత బిగించి, నిలబెట్టి తీసుకెళ్ళాలి. కారు డిక్కీలో మూసిపెట్టి ఎండలో తిప్పకూడదు. కొత్త ఇంట్లో బిగించాక సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. నారింజ రంగు గొట్టం మీద గడువు ఏ సంవత్సరం దాకానో రాసి ఉంటుంది, అయిదేళ్ళు దాటితే ఇదే సమయంలో మార్చేయండి. లీకు అనుమానం వస్తే వాల్వ్ కట్టి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

ఎక్కించే రోజు

పిల్లల్ని, పెద్దవాళ్ళని బంధువుల ఇంటికి పంపేయండి. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు పాత ఇంట్లో, ఒకరు కొత్త ఇంటి గుమ్మంలో. ఒకే చోట ఇద్దరూ ఉంటే రెండో చోట వస్తువులన్నీ హాల్లో గుట్టపడతాయి.

బండిలో క్యాబిన్ వైపు బరువైనవి ముందు: బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మిషన్. బీరువా అద్దం వైపు క్యాబిన్‌కి ఆనించొద్దు, మధ్యలో పరుపు పెట్టండి. కాట్ పలకలు, పరుపులు పక్కల వెంట నిలువుగా. మధ్యలో పెట్టెలు, బరువైనవి కింద. పైన దిండ్లు, ప్లాస్టిక్ సామాను. ఎత్తు సందులోని కరెంటు తీగలకి తగలకుండా చూడండి. తాడు కట్టకుండా "దగ్గరే కదా సార్" అంటే ఒప్పుకోవద్దు, స్పీడ్ బ్రేకర్లు దగ్గర్లోనే ఎక్కువ. జూన్ నుంచి అక్టోబరు దాకా టార్పాలిన్ లేకుండా బండి పిలవకూడదు.

మొదటి ట్రిప్పులోనే కాట్లు, పరుపులు, ఫ్రిజ్, వంటింటి పెట్టెలు వెళ్ళాలి. బండి రెండో ట్రిప్పుకి వెళ్ళినప్పుడు కొత్త ఇంట్లో ఉన్నవాళ్ళు కాట్లు బిగించేస్తారు. సోఫా, పుస్తకాలు, కుర్చీలు రెండో ట్రిప్పుకి. ఆఖరున ఎక్కించి ముందుగా దించాల్సినది ఒక్క సంచి. అందులో స్క్రూడ్రైవర్, స్పానర్, టెస్టర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు బల్బులు, ఒక కొత్త తాళం, మందులు, ఫోన్ చార్జర్లు, సబ్బు, తువ్వాళ్ళు, దోమల మందు, కిటికీలకి కట్టడానికి రెండు దుప్పట్లు, కాఫీపొడి, పంచదార, పాలగిన్నె, నాలుగు గ్లాసులు ఉండాలి. ఒక ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ముందే కొత్త ఇంటికి తెప్పించుకోండి. పనివాళ్ళకి మంచినీళ్ళు, మధ్యలో టీ, టిఫిను మీరే చూసుకుంటే పని వేగంగా సాగుతుంది.

పాత చీపురు తీసుకెళ్ళకూడదంటారు. దాని వల్ల ఒక లాభం ఉంది, పాత ఇల్లు ఊడ్చి అప్పగించడానికి అది అక్కడే ఉంటుంది.

అప్పగింత, చిరునామాలు

సామాను వెళ్ళాక ఖాళీ గదులన్నీ, గోడలు, బాత్‌రూమ్ పంపులు, స్విచ్ బోర్డులు వీడియో తీయండి. కరెంటు మీటరు రీడింగ్ ఫోటో పాత ఇంట్లోనూ కొత్త ఇంట్లోనూ అదే రోజు తీయాలి. నెల మధ్యలో మారితే బిల్లు పంచుకోవడానికి అదొక్కటే ఆధారం. తెలంగాణలో ఉచిత విద్యుత్ పథకం వాడుకుంటున్నవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, ఆ రాయితీ సర్వీస్ నంబరుకి ముడిపడి ఉంటుంది. కొత్త నంబరుకి మార్పించుకోకపోతే మొదటి నెల బిల్లు పూర్తిగా వస్తుంది.

పెయింటింగ్ కింద అడ్వాన్సులో కొంత కోసుకోవడం మామూలే. ఎంత కోస్తారన్నది కొత్త ఇంటి అగ్రిమెంట్‌లో అంకెతో సహా రాయించండి. మామూలుగా అగ్రిమెంట్ పదకొండు నెలలకి రాస్తారు. దాని నకలు నాలుగు తీసి పెట్టుకుంటే గ్యాస్‌కి, ఇంటర్నెట్‌కి పనికొస్తాయి.

ఇంటర్నెట్ వాళ్ళకి వారం ముందే చెప్పాలి, కొత్త వీధిలో వాళ్ళ కేబుల్ ఉందో లేదో చూడటానికే రెండు మూడు రోజులు తీసుకుంటారు. రౌటర్, దాని అడాప్టర్ గోడకే వదిలేసి రావొద్దు. డిష్ టీవీ గొడుగు మేడ మీద ఉండిపోతుంది, చాలామందికి అది గుర్తొచ్చేది సాయంత్రం సీరియల్ టైముకే. పాలవాడు, పేపరు, పనిమనిషి, స్కూలు ఆటో వీళ్ళందరికీ పది రోజుల ముందు చెప్పండి. ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లలో పాత చిరునామా తీసేయకపోతే తర్వాతి పార్శిల్ పాత ఇంటికే వెళ్తుంది. బండి ఆర్సీలో చిరునామా మార్పు 30 రోజుల్లోగా తెలియజేయాలి. ఓటుకి ఫారం 8 నింపాలి, నియోజకవర్గం మారినా మారకపోయినా ఇప్పుడు ఇదే ఫారం. ఆధార్‌లో చిరునామా ముందు మార్పించుకుంటే మిగతావాటికి అదే రుజువుగా చెల్లుతుంది.